ల్యాప్‌టాప్ ఆర్డరు ఆలస్యమైతే: సీరియల్ నంబరు దగ్గర మొదలుపెట్టి వెతికే పద్ధతి

ల్యాప్‌టాప్ కోసం అడ్వాన్సు కట్టి వెళ్లినవారు చెప్పిన తేదీ దాటాక ఫోన్ చేస్తే, కౌంటరులో ఉన్నవారి నోటికి అలవాటుగా వచ్చే జవాబు "రేపు వచ్చేస్తుందండీ" అన్నది. ఆ జవాబుకు ఆధారం ఏమిటని తిరిగి అడిగితే చెప్పడానికి ఏమీ ఉండదు. విశాఖపట్నం ద్వారకానగర్‌లోని ఒక దుకాణంలో ఆర్డర్ల పుస్తకం చూసే పని నాది. ఆలస్యం ఎక్కడ జరిగిందో తెలుసుకోకుండా చెప్పే తేదీ, ఆలస్యం కన్నా ఎక్కువ నష్టం చేస్తుందని ఈ పనిలో తెలుసుకున్నాను. అందుకే ఇది మాలాంటి దుకాణాల్లో ఆర్డర్లు చూసేవారి కోసం రాస్తున్నాను.

ఆలస్యమైన ఏ ఆర్డరుకైనా మొదట అడగవలసిన ప్రశ్న ఒక్కటే: ఆ పెట్టెకు సీరియల్ నంబరు పడిందా? డిస్ట్రిబ్యూటరు మన పేరున బిల్లు చేసేటప్పుడు గోడౌనులో పెట్టె మీది బార్‌కోడును స్కాన్ చేస్తారు, ఆ నంబరు బిల్లులోకి ఎక్కుతుంది. కాబట్టి నంబరు ఇవ్వగలిగారంటే పెట్టె నిజంగా ఒకచోట ఉంది, మన పేరున కేటాయించారు, ఇక మిగిలింది రవాణా మాత్రమే. నంబరు ఇవ్వలేకపోతే, ఎన్ని తీపి మాటలు చెప్పినా, మన కోసం పక్కన పెట్టిన పెట్టె ఏదీ లేనట్టే. ఈ ఒక్క ప్రశ్నతో సమస్య రెండు దారులుగా విడిపోతుంది, వెతకవలసిన చోటు సగానికి తగ్గుతుంది.

లక్షణం: "వస్తోంది" అంటారు, సీరియల్ నంబరు మాత్రం ఇవ్వరు

దీనికి నేను ఎక్కువగా చూసిన కారణం సరుకు కొరత కాదు, ఆర్డరు రాసుకోవడంలో మనం చేసే పొరపాటు. పుస్తకంలో "ఐ5, 16 జీబీ, 512, వెండి రంగు" అని రాసి ఊరుకుంటాం. అదే సిరీస్‌లో, అదే ప్రాసెసర్‌తో, కీబోర్డులో లైటు ఉన్నది ఒకటి, లేనిది ఒకటి, తెర వేరేది ఒకటి, ఆఫీస్ సాఫ్ట్‌వేరు కలిపి ఇచ్చేది ఒకటి ఉంటాయి, ఒక్కొక్కదానికీ పార్ట్ నంబరు వేరు. మనం చెప్పిన వివరాలకు డిస్ట్రిబ్యూటరు దగ్గర ఒకటి సరిపోతుంది, కొనేవారు చూసి ఇష్టపడినది మరొకటి అవుతుంది. సేల్స్ ప్రతినిధి ఉందనుకుని ఉందంటాడు, గోడౌనువారు లేదంటారు, ఇద్దరి మాటా అబద్ధం కాదు.

పరిష్కారం తేలికే, కాకపోతే మొదటి రోజే చేయాలి. ఆర్డరు రసీదు మీద పార్ట్ నంబరు పూర్తిగా, చివరి అక్షరాలతో సహా రాసి, కొనేవారికి చదివి వినిపించాలి. దాని కిందనే, "వీటిలో మీకు తప్పనిసరిగా కావలసినది ఏది?" అని అడిగి ఆ జవాబును వారి మాటల్లోనే రాసుకోవాలి. రంగు మారినా పరవాలేదన్నారా, కీబోర్డు లైటు లేకపోతే వద్దన్నారా అన్న ఆ ఒక్క వాక్యం, పది రోజుల తరువాత ప్రత్యామ్నాయం చూపవలసి వచ్చినప్పుడు ఎంతో పనికొస్తుంది. 16 జీబీ మోడల్ దొరకనప్పుడు 8 జీబీ మోడల్‌కు మనమే మరో 8 జీబీ వేసి ఇవ్వవచ్చు. అయితే ఆ మోడల్‌లో ఖాళీ స్లాటు ఉందో, మెమరీని బోర్డు మీదే అతికించేశారో ముందు చూసుకోవాలి. ఆ అదనపు మెమరీకి వారంటీ వేరుగా ఉంటుందన్న సంగతిని కాగితం మీద రాసి ఇవ్వాలి.

రెండో కారణం చెప్పడానికి మనకే ఇబ్బందిగా ఉంటుంది. డిస్ట్రిబ్యూటరు మన దుకాణానికి ఇచ్చిన అప్పు పరిమితి నిండిపోయినా, పాత బిల్లు ఒక్కటి గడువు దాటినా, వారి కంప్యూటరులో మన పేరున కొత్త బిల్లు పడదు. సేల్స్ ప్రతినిధి మనతో రోజూ మాట్లాడేవాడు కనుక మొహమాటపడి "స్టాక్ వస్తోంది సార్" అని దాటవేస్తాడు. అతణ్ణి పదిసార్లు అడగడం కన్నా, వారి అకౌంట్స్ విభాగానికి ఒక్క ఫోన్ చేసి మన ఖాతా ఆపి ఉందా అని అడగడం మేలు. ఆపి ఉంటే బకాయి కట్టాలి, వెంటనే కట్టలేకపోతే ఆ ఒక్క పెట్టెకు ముందుగా డబ్బు పంపి బిల్లు చేయించుకోవాలి. ఈ సందర్భంలో కొనేవారితో "కంపెనీ నుంచి రాలేదండీ" అని మాత్రం అనకూడదు. జాప్యం మన వల్ల జరిగినప్పుడు దాన్ని కంపెనీ మీదికి నెట్టడం తప్పన్నది నా అభిప్రాయం. కారణం వివరంగా చెప్పనక్కరలేదు, "మా వైపు నుంచి ఆలస్యమైంది" అంటే చాలు.

నిజమైన కొరత కూడా ఉంటుంది. 2020, 2021లో చిప్‌ల కొరతతో అన్ని దుకాణాలూ ఇబ్బంది పడ్డాయి. ల్యాప్‌టాప్‌ల దిగుమతికి ముందస్తు అనుమతి తీసుకోవలసిన విధానం 2023 నవంబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. 2025 చివరి నెలల నుంచి మెమరీ చిప్‌ల ధరలు బాగా పెరిగాయి. వీటికి తోడు మన ఊరికి రెండు రద్దీ కాలాలున్నాయి: ఇంజినీరింగు కాలేజీల్లో చేరికలు జరిగే రోజులు ఒకటి, దసరా దీపావళి రోజులు మరొకటి. అప్పుడు ఆంధ్రా యూనివర్సిటీ వైపు నుంచి, ఋషికొండ వైపు నుంచి ఒకే ధరలో ఒకే రకం మోడళ్లను అడుగుతూ వస్తారు, అందుకే ఆ మోడళ్లే ముందు అయిపోతాయి. ఇలాంటప్పుడు డిస్ట్రిబ్యూటరు నుంచి రాబోయే సరుకు తేదీని ఈమెయిల్‌లో రాయించుకోవాలి. తేదీ రాసి ఇవ్వడానికి వెనుకాడితే ఆ సరుకు దారిలో లేదని లెక్కవేసి, ఆ రోజే కొనేవారికి ప్రత్యామ్నాయమో, డబ్బు వాపసో చూపాలి.

కోరిన విధంగా ఫ్యాక్టరీలో తయారుచేయించే మోడళ్ల సంగతి వేరు. వాటికి వారాలు పడుతుంది, ఆర్డరు పెట్టాక సాధారణంగా రద్దు కుదరదు. ఈ రెండు మాటలూ అడ్వాన్సు తీసుకోకముందే చెప్పి సంతకం తీసుకోవాలి.

లక్షణం: సీరియల్ నంబరు ఉంది, లారీ రసీదు లేదు

నెలాఖరున అమ్మకాల లక్ష్యం పూర్తి చేయడానికి బిల్లులు ముందే చేసి, సరుకు తరువాత పంపడం ఈ వ్యాపారంలో మామూలే. 30వ తేదీన బిల్లు అయిన పెట్టె 3వ తేదీ దాకా గోడౌనులోనే ఉండవచ్చు. బిల్లు తేదీని చూసి కొనేవారికి తేదీ చెప్పకండి, ఎల్.ఆర్. (లారీ రసీదు) నంబరు చేతికి వచ్చాకే చెప్పండి. అర్జంటు అయితే ఆ ఒక్క పెట్టెను వేరుచేసి కొరియరుకు ఇమ్మని అడగవచ్చు, ఆ ఖర్చు మనమే పెట్టుకున్నా నష్టం లేదు. విమానంలో పంపమని అడిగేటప్పుడు ఒకటి గుర్తుంచుకోవాలి. ల్యాప్‌టాప్‌లోని లిథియం అయాన్ బ్యాటరీ విమాన రవాణా నిబంధనల ప్రకారం ప్రమాదకర సరుకుల్లో 9వ తరగతికి చెందినది. బ్యాటరీ పరికరంలోనే అమర్చి ఉండి 100 వాట్-అవర్లు దాటకపోతే సడలింపులున్నాయి, అయినా ప్యాకింగు సరిగా లేదని పెట్టెను తిప్పిపంపితే అక్కడే మరో రెండు రోజులు పోతాయి. అందుచేత కంపెనీ పెట్టెను విప్పకుండా, దాని మీద మరో అట్టపెట్టె వేసి పంపమని చెప్పాలి.

లక్షణం: లారీ రసీదు ఉంది, పెట్టె రాలేదు

ఇక్కడ మొదట చూడవలసినది ఈ-వే బిల్లు, అంటే సరుకు తరలించడానికి జీఎస్టీ విధానంలో ఆన్‌లైన్‌లో తీసుకునే పత్రం. జీఎస్టీతో కలిపి సరుకు విలువ 50,000 రూపాయలు దాటితే అది తప్పనిసరి. దాని గడువు 200 కిలోమీటర్లకు ఒక రోజు లెక్కన ఉంటుంది. హైదరాబాదు నుంచి విశాఖపట్నానికి సుమారు 620 కిలోమీటర్లు కనుక నాలుగు రోజులు. లారీ దారిలో చెడిపోయినా, సరుకును విజయవాడలో దించి మరో బండికి ఎక్కించినా, కొత్త బండి నంబరును ఈ-వే బిల్లులోని రెండో భాగంలో నమోదు చేయాలి. అది చేయకపోతే, లేదా గడువు ముగిసిపోతే, ట్రాన్స్‌పోర్టువారు పెట్టెను కదపడానికి భయపడతారు, ఆ భయం న్యాయమైనదే. గడువును పొడిగించడం, అది ముగిసే సమయానికి 8 గంటల ముందు నుంచి 8 గంటల తరువాత వరకే సాధ్యం, ఆ పని సరుకు తరలిస్తున్న ట్రాన్స్‌పోర్టువారు చేయాలి. కాబట్టి ఎల్.ఆర్. వచ్చిన రోజే ఈ-వే బిల్లు గడువును కూడా ఆర్డర్ల పుస్తకంలో రాసుకోండి. మూడో రోజు సాయంత్రానికి పెట్టె మన ఊరు చేరకపోతే అప్పుడే ఫోన్ చేయాలి, గడువు దాటి రెండు రోజులయ్యాక చేసే ఫోన్ వల్ల ప్రయోజనం ఉండదు.

రెండో కారణం మరీ చిన్నది. దాన్ని నేను ఎన్నటికీ మరిచిపోలేను. ఒక ఆగస్టులో పార్వతీపురం వైపు పల్లె నుంచి ఒక పెద్దాయన వచ్చి, ఇంజినీరింగులో చేరిన కూతురి కోసం 20,000 రూపాయలు అడ్వాన్సు కట్టి వెళ్లారు. మొదటి ఫోన్‌కు రేపన్నాను, రెండో ఫోన్‌కు రేపన్నాను, మూడోసారి ఆయనే బస్సెక్కి వచ్చి కౌంటరు ముందు నిలబడ్డారు. "ఏటి బాబూ, రేపన్నారు గదా, మూడు రేపులైపోనాయి" అన్నారు. గొంతు పెంచలేదు. అప్పుడు గానీ నేను ఎల్.ఆర్. కాగితాన్ని తీసి ఒక్కొక్క గడీ చదవలేదు. గ్రహీత ఫోన్ నంబరు గడిలో ఉన్నది, అంతకు నాలుగు నెలల ముందే మా దుకాణం మానేసిన కుర్రవాడి నంబరు. సరుకు వచ్చిందని ట్రాన్స్‌పోర్టువారు ఆ నంబరుకే ఫోన్ చేస్తూ వచ్చారు, అది స్విచాఫ్. బండి తీసుకుని గోడౌనుకు వెళితే, పెట్టె అయిదు రోజులుగా అక్కడే ఉంది, పక్కన ఫ్యాన్ల పెట్టెలు, పైన ఒక పరుపు చుట్ట, ఒక మూల అట్ట చెమ్మకు మెత్తబడి ఉంది. దుకాణానికి తెచ్చి ఆయన ఎదురుగానే విప్పి, ఆన్ చేసి, తెరా కీలూ అన్నీ చూపించాను. ఆయన బిల్లు అందుకుని కూతురి పేరు ఒక్కొక్క అక్షరం వేలితో తడుముతూ చదువుకున్నారు. తప్పు మాదేనని చెప్పి, రానూపోనూ బస్సు ఛార్జీ ఇచ్చాం. కానీ కాలేజీ మొదలైన తొలి వారం ఆ అమ్మాయి ల్యాప్‌టాప్ లేకుండానే గడిపింది, దానికి మేం ఇవ్వగలిగింది ఏమీ లేదు.

ఆ తరువాత డిస్ట్రిబ్యూటర్లందరి దగ్గరా మా దుకాణం నంబరును మార్చాం. వ్యక్తుల నంబర్లు తీసివేసి, కౌంటరు మీద ఉండే ఒకే ఫోన్ నంబరు ఇచ్చాం. మీరు కూడా ఈ వారమే ఒక పాత ఎల్.ఆర్. తీసి, అందులో ఎవరి నంబరు ఉందో చూడండి. చిరునామాలో డోర్ నంబరు, పక్కనున్న గుర్తు, దుకాణం మూసే సమయం కూడా సరిగ్గా ఉన్నాయా లేదా సరిచూడండి.

లక్షణం: ఇంటికే పంపాం, "ఎవరూ లేరు" అని వెనక్కి వెళ్లింది

ద్వారకానగర్ 530016, గాజువాక 530026, ఋషికొండ 530045. పిన్‌కోడులో ఒక్క అంకె మారితే పెట్టె ఊరికి ఈ చివర నుంచి ఆ చివరకు, అక్కడి నుంచి మళ్లీ హబ్‌కు తిరుగుతుంది. హాస్టళ్లకు పంపే వాటిలో ఇంకో చిక్కుంది. కొరియరు అబ్బాయి పగటిపూట గేటు దగ్గరికి వస్తాడు, విద్యార్థి ఆ వేళ తరగతిలో ఉంటాడు, ఓటీపీ వెళ్లేది ఊళ్లో ఉన్న తండ్రి ఫోన్‌కు. ఆర్డరు తీసుకునేటప్పుడే పెట్టె అందుకునే మనిషి ఫోన్ నంబరు, డబ్బు కట్టిన మనిషి ఫోన్ నంబరు విడివిడిగా రాసుకుని, ఓటీపీ మొదటి నంబరుకే వెళ్లేలా నమోదు చేయిస్తే ఈ సమస్య చాలావరకు రాదు.

లక్షణం: డబ్బు పోయింది, ఆర్డరు కనిపించడం లేదు

యూపీఐలో డబ్బు తెగిపోయి, దుకాణానికి చేరినట్టు నిర్ధారణ రాకపోతే ఆర్డరు నమోదు కాదు, అయినా కొనేవారు తమ ఆర్డరు నడుస్తోందనే అనుకుంటారు. అయిదు రోజుల తరువాత ఆలస్యమని ఫోన్ చేస్తే, మన దగ్గర ఆ పేరే ఉండదు. వ్యాపారికి చేసిన ఇలాంటి చెల్లింపు విఫలమైతే, లావాదేవీ జరిగిన రోజు తరువాత 5 రోజుల్లోగా డబ్బు ఖాతాలో తిరిగి పడాలని, ఆ గడువు దాటితే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు 2019లో నిర్దేశించింది. లావాదేవీ నంబరు అడిగి తీసుకుని, మన ఖాతాలో వెతికి, రాలేదని తేలితే ఆ మాటను మెసేజీలో రాసి ఇవ్వండి, వారి బ్యాంకుకు చూపడానికి పనికొస్తుంది. డబ్బు రెండోసారి కట్టమని మాత్రం తొందరపెట్టకండి.

వాయిదాల మీద కొనేవారి విషయంలో ఫైనాన్సు కంపెనీ ఇచ్చే డీఓకు (డెలివరీ ఆర్డరు, అంటే అప్పు మంజూరైంది, సరుకు ఇవ్వవచ్చని దుకాణానికి ఇచ్చే పత్రం) గడువుంటుంది. పెట్టె ఆలస్యమైతే డీఓ చెల్లకుండా పోయి, మళ్లీ కొత్తగా దరఖాస్తు చేయవలసి వస్తుంది. దీనికి భయపడి కొందరు పెట్టె రాకముందే బిల్లు చేసి పోర్టల్‌లో పెట్టేస్తారు. అలా చేస్తే ల్యాప్‌టాప్ చేతికి రాకుండానే వాయిదా మొదలవుతుంది. ఇది చేయకూడదు. డీఓ గడువు తేదీని కూడా ఈ-వే బిల్లు గడువులాగే పుస్తకంలో రాసుకుని, రెండు రోజుల ముందే కొత్తది అడగాలి.

లక్షణం: ఏ లారీ కదలడం లేదు

అక్టోబరు నుంచి డిసెంబరు వరకు బంగాళాఖాతంలో వాయుగుండం పడిందంటే జాతీయ రహదారి 16 మీద సరుకు రవాణా నెమ్మదిస్తుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మన ఊరి దగ్గరే తీరం దాటింది, ఆ ఏడాది దీపావళి 23నే, అంటే సరిగ్గా పండుగ రద్దీ రోజుల్లోనే అది వచ్చిపడింది. కరెంటు, ఫోన్లు లేని రోజుల్లో ఎవరికీ ఏ కబురూ చెప్పలేకపోయాం. ఇందులో మనం సరిచేయగలిగింది ఒక్కటే: హెచ్చరిక వచ్చిన రోజునే, ఫోన్లు పనిచేస్తుండగానే, దారిలో ఉన్న ప్రతి ఆర్డరుకూ తేదీ మారవచ్చని కబురు పంపడం, ఆర్డర్ల పుస్తకాన్ని కాగితం మీద కూడా ఉంచుకోవడం.

కొనేవారికి ఏమని చెప్పాలి

కారణం దొరికాక వారు మళ్లీ ఫోన్ చేసేదాకా ఆగకుండా మనమే చెప్పాలి. ఆ మాటలో నాలుగు సంగతులు ఉండాలి: పెట్టె ఇప్పుడు ఎక్కడుంది, ఎందుకు ఆగింది, మనం ఏం చేశాం, మళ్లీ ఎప్పుడు కబురు చెబుతాం. మా దుకాణం నుంచి పంపే మెసేజీ సాధారణంగా ఇలా ఉంటుంది: "నమస్కారమండీ. మీ ల్యాప్‌టాప్ హైదరాబాదులో బిల్లు అయింది, సీరియల్ నంబరు మా దగ్గరుంది. లారీ మారడంతో విజయవాడలో ఒక రోజు ఆగింది. ట్రాన్స్‌పోర్టువారితో ఈ ఉదయం మాట్లాడాము, గురువారం మా దుకాణానికి చేరాలి. చేరినా చేరకపోయినా గురువారం సాయంత్రం 5 గంటలకు మేమే ఫోన్ చేస్తాము. ఆలస్యానికి క్షమించండి." ఈ మెసేజీలో ముఖ్యమైనది "చేరినా చేరకపోయినా" అన్న మాట. గురువారం పెట్టె రాకపోయినా ఆ 5 గంటల ఫోన్ తప్పకుండా చేస్తే, కొనేవారు మనల్ని ఇంకా నమ్ముతారు. పెట్టె వచ్చినా ఆ ఫోన్ మరిచిపోతే, ఈసారి కాకపోయినా మరోసారి నమ్మరు.

పరీక్షలు గానీ, ఉద్యోగంలో చేరవలసిన తేదీ గానీ దగ్గర పడినవారికి పెట్టె వచ్చేదాకా దుకాణంలోని ప్రదర్శన ల్యాప్‌టాప్‌ను రసీదు రాసుకుని ఇవ్వవచ్చు. మధురవాడలోని ఐటీ కంపెనీల్లో కొత్తగా చేరిన ఇద్దరికి అలా ఇచ్చాం, ఇద్దరూ జాగ్రత్తగా తెచ్చి ఇచ్చారు.

వద్దన్నవారికి డబ్బు ఇవ్వడంలో జాగు చేయకూడదు. అడ్వాన్సు మాత్రమే తీసుకుని బిల్లు చేయకపోతే, కట్టిన మార్గంలోనే డబ్బు తిప్పి పంపి, రసీదు రద్దు చేస్తే పని అయిపోతుంది. బిల్లు ముందే చేసి ఉంటే 18 శాతం జీఎస్టీ లెక్కకు క్రెడిట్ నోటు (ఆ బిల్లు మొత్తాన్ని తగ్గించినట్టు చూపే పత్రం) ఇవ్వాలి. ఆన్‌లైన్‌లో అమ్మేవారు 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలియజేసి, నెల రోజుల్లో పరిష్కరించాలి. మనం పట్టించుకోకపోతే కొనేవారు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు, తాము నివసించే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌కు కూడా వెళ్లవచ్చు, 5 లక్షల రూపాయల లోపు కొనుగోలుకు అక్కడ రుసుము లేదు. అడిగినవారికి ఈ వివరాలు మనమే చెప్పాలి.

పెట్టె వచ్చిన రోజు

ఎల్.ఆర్. మీద సంతకం చేసేముందు అట్ట నలిగిందా, సీలు తెగిందా చూసి, ఉంటే ఆ మాట రసీదు మీదే రాయించి ఫోటో తీసుకోవాలి. పెట్టె మీది సీరియల్ నంబరును డిస్ట్రిబ్యూటరు బిల్లుతోనూ, ల్యాప్‌టాప్ అడుగుభాగంలోని నంబరుతోనూ కొనేవారి ఎదుటే సరిచూడాలి. చాలా రోజులు దారిలో ఉన్న పెట్టెలో బ్యాటరీ పూర్తిగా దిగిపోయి ఉండవచ్చు. ఆన్ కాలేదని కంగారుపడకుండా ఛార్జరు పెట్టి అరగంట ఆగాలి. మన బిల్లు మీద ఆ రోజు తేదీయే వేసి, కంపెనీ వెబ్‌సైటులో వారంటీ ఏ తేదీ నుంచి మొదలైనట్టు చూపుతోందో కొనేవారు కౌంటరు దగ్గర ఉండగానే చూడాలి. ఫ్యాక్టరీ నుంచి బయలుదేరిన తేదీ చూపిస్తే, బిల్లు జతచేసి ఆ తేదీ మార్పించి, మారినట్టు వచ్చిన మెసేజీని వారి ఫోన్‌కు పంపాకే ఆర్డర్ల పుస్తకంలో ఆ వరుసను కొట్టివేయాలి.